నలభై నెగటివ్‌ల తగవు

ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి లోపలి వీధుల్లోకి వెళ్తే హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, వాటి మధ్య పాస్‌పోర్ట్ ఫొటోల స్టూడియోలు. వీసాకు, ఉద్యోగానికి, హాస్టల్ రిజిస్టర్‌కు, వైకల్య సర్టిఫికెట్‌కు, అన్నిటికీ ముఖం కావాలి. తెల్ల తెర ముందు రెండు నిమిషాలు కూర్చుంటే కాపీలు చేతికొస్తాయి. అదే మెట్రోలో ఇంకో రెండు స్టేషన్లు వెళ్తే ఎర్రగడ్డ, అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల. కోపమొస్తే ఎదుటివాణ్ణి ‘ఎర్రగడ్డలో చేర్పించాలి’ అనడం హైదరాబాదులో, ‘చినవాల్తేరు పంపాలి’ అనడం విశాఖలో ఎప్పటినుంచో ఉన్నవే. అలా అనేవాళ్లలో చాలామంది ఆ గేటు దాటి లోపలికి వెళ్లి ఉండరు. అయినా లోపలి మనిషి ఎలా ఉంటాడో వాళ్ల మనసులో ఒక బొమ్మ ఉంది. ఆ బొమ్మ ఎవరు గీశారన్న దగ్గరే ఇద్దరు పెద్దవాళ్లకు తగవు వచ్చింది.

ఒకరు ఈ వీధుల్లోనే స్టూడియో నడుపుతున్న మాజీ పత్రికా ఫొటోగ్రాఫర్. ఇంకొకరు మానసిక వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సు, ఆయన ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు. పేర్లు రాయొద్దని ఇద్దరూ అడిగారు. ఆయన దగ్గర ఒక రేకు డబ్బాలో నలభై దాకా బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు ఉన్నాయి. 1980లలో ఒక మానసిక ఆసుపత్రి వార్డుల్లో తీసినవి, ఎక్కువగా రోగుల ముఖాలే. అది ఏ ఊరి ఆసుపత్రో కూడా ఆయన చెప్పరు. అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినానికి వాటిని పెద్ద ప్రింట్లు వేయించి ప్రదర్శన పెట్టాలని ఆయన కోరిక. ఆమెను సలహా అడిగారు. ఆమె లైట్ బాక్స్ మీద ఒక్కోటీ పెట్టి చూసి, వద్దన్నారు.

“ఎందుకు వద్దు సిస్టర్? వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఉన్నది ఉన్నట్టు తీశాను.”

“ఉన్నది ఉన్నట్టే తీశారన్నా. దాన్ని అలా చేసిందెవరో మాత్రం ఫొటోలో పడలేదు.” ఆమె మూడు నెగటివ్‌లు ఏరి పక్కపక్కన పెట్టారు. “ఈ ముగ్గురికీ గుండు. ముగ్గురికీ ఒకే రకం బట్టలు. ఈయన మొహం బిగుసుకుపోయి ఉంది, పెదవి చివర చొంగ. చూసినవాళ్లు పిచ్చివాళ్లంటే ఇలా ఉంటారనుకుంటారు. గుండు పేలు పడకుండా వార్డులో చేయించింది. బట్టలు ఆసుపత్రి ఇచ్చినవి. మొహం బిగుసుకోవడం, చొంగ, చేతి వణుకు... ఇవి మేమిచ్చిన హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజైన్ మందుల వల్ల వచ్చేవి. పాసిటేన్ వేస్తే చాలామందికి తగ్గేవి కూడా. ఇప్పుడు చెప్పండి, ఈ మూడింట్లో జబ్బు ఎక్కడుంది?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడం కష్టమే. మనం రోగలక్షణమనుకునే దానిలో ఎంత భాగం ఆసుపత్రి చేతిపనో పార్లమెంటు కూడా గుర్తించాల్సి వచ్చింది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 20వ సెక్షన్ చూడండి. రోగికి బలవంతంగా గుండు చేయకూడదు. ఇష్టమైతే తన సొంత బట్టలు వేసుకోవచ్చు, ఆసుపత్రి యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు. క్షవరం, బట్టల సంగతులు చట్టంలోకి ఎక్కాయంటే అవి అంతకుముందు ఎంత మామూలుగా జరిగిపోయేవో ఊహించుకోవచ్చు. అదే చట్టం 24వ సెక్షన్ ఇంకో మాట చెప్తుంది: చికిత్సలో ఉన్న వ్యక్తి ఫొటో గానీ, మరే సమాచారం గానీ ఆ వ్యక్తి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. గుండు గురించిన నియమం, కెమెరా గురించిన నియమం ఒకే అధ్యాయంలో ఉండటం ఈ వ్యాసకర్తకు సబబుగానే అనిపిస్తుంది. గుండు ముఖాన్ని మార్చేస్తుంది, కెమెరా మారిన ముఖాన్ని లోకమంతా చాటుతుంది.

ఫొటోగ్రాఫర్ మాత్రం వెనక్కి తగ్గే మనిషి కాదు. “మరి ఆ చట్టం ఊరికే వచ్చిందా? ఏర్వాడి గుర్తులేదా మీకు?”

గుర్తులేకపోవడమేం? 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదాని పాక తగలబడింది. లోపలున్న మానసిక రోగుల కాళ్లకు గొలుసులు. పరిగెత్తలేక 28 మంది చనిపోయారు. గొలుసుల ఫొటోలు దేశమంతా పత్రికల్లో వచ్చాయి, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, అలాంటి ఆశ్రమాలు మూతపడ్డాయి. “ఆ గొలుసులు ఏర్వాడికి వెళ్లిన ప్రతివాడూ ఏళ్ల తరబడి చూసినవే. చూసి ఊరుకున్నారు. పేపర్లో పడ్డాక కదిలారు,” అన్నారాయన. ఇటలీ సంగతీ ఎత్తారు. ఫ్రాంకో బజాలియా అనే మానసిక వైద్యుడు 1969లో కార్లా చెరాతీ, జాన్ని బెరెంగో గార్దీన్ తీసిన ఆసుపత్రి ఫొటోలతో ఒక పుస్తకం వేశాడు. గుండ్లు, బూడిదరంగు బట్టలు, గోడకు చేరగిలబడ్డ మనుషులు. తొమ్మిదేళ్లకు, 1978 మేలో, ఆ దేశం మానసిక ఆసుపత్రులను క్రమంగా మూసేసే 180వ నంబరు చట్టం చేసింది.

“అది ఫొటోలు ఒక్కటే చేసిన పని కాదన్నా. బజాలియా అప్పటికే తన ఆసుపత్రి తలుపులు తెరిచేశాడు, రోగులతో కలిసి రోజూ సభలు పెట్టాడు, ఆ పుస్తకంలో ఫొటోల పక్కన పేజీల కొద్దీ రాతలున్నాయి. ఇక మన దగ్గర ఏర్వాడి ఫొటోలు 2001లో వచ్చాయి, చట్టం 2017లో వచ్చింది. మధ్యలో 2007లో వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ ఆమోదించింది. దానికి తగ్గట్టు చట్టాలు మార్చుకోవాలి కాబట్టి ఈ చట్టం వచ్చిందని దాని మొదట్లోనే రాసుంది. ఫొటో చూసి జనం అయ్యో అన్నారు, నిజమే. ఆ తర్వాత ఎవరైనా తమ ఇంటి పోర్షన్ మానసిక జబ్బు నయమైన మనిషికి అద్దెకిచ్చారా? అయ్యో అన్న జనమే భయం కూడా నేర్చుకున్నారు.”

భయమన్న మాట దగ్గర ఆయన నొచ్చుకున్నారు. కెమెరా భయపెట్టడానికి పుట్టలేదన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారంగా ఆయన చెప్పిన కథ వినదగ్గది.

ఇంగ్లండ్‌లో హ్యూ వెల్చ్ డైమండ్ అనే డాక్టరు 1848 నుంచి 1858 దాకా సర్రీ కౌంటీ ఆసుపత్రిలో ఆడవాళ్ల విభాగం చూశాడు. మానసిక రోగులను ఒక పద్ధతిగా ఫొటోలు తీసినవాళ్లలో మొదటివాడిగా అతన్నే చెప్తారు. 1856లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఒక పత్రం చదివాడు. మాటలతో రోగాన్ని వర్ణిస్తే రాసేవాడి అభిప్రాయం చొరబడుతుంది, ఫొటోలో అలా జరగదన్నది అతని వాదం. ముఖాల రికార్డు ఉంటే తప్పిపోయిన రోగిని వెతకడం, మళ్లీ చేరినప్పుడు గుర్తుపట్టడం సులువన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: రోగికి తన ఫొటో తనకే చూపిస్తే మేలు జరుగుతుందని. తాను రాణినని నమ్మే ఒక అమ్మాయి తన ఫొటోలు చూసుకుని సరదా పడి, వాటి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ కోలుకుందని రాశాడు. “చూశారా, ఫొటో మొదట చూపించింది రోగికే. అందులో తప్పేముంది?” అన్నారు ఫొటోగ్రాఫర్.

ఆ అమ్మాయికి చూపించడంలో తప్పు లేదని నర్సు ఒప్పుకున్నారు. ఆమె అభ్యంతరం మిగతా ఫొటోలతో. ఇంటర్నెట్‌లో అవన్నీ ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. ఒకామెకు తల మీద ఆకుల దండ పెట్టి, షేక్‌స్పియర్ నాటకంలో మతిచలించిన ఒఫీలియాలా కూర్చోబెట్టాడు డైమండ్. ఇంకొకామె చేతిలో చచ్చిన పిట్ట ఉంది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తానన్న డాక్టరు, పిచ్చి ఎలా ఉండాలో నాటకాల నుంచి తెచ్చుకున్నాడు. ఆ ఫొటోల ఆధారంగా చెక్కిన బొమ్మలతో జాన్ కనోలీ అనే మరో పెద్ద డాక్టరు 1858లో ఒక వైద్య పత్రికలో వరుస వ్యాసాలు రాశాడు. హాన్‌వెల్ ఆసుపత్రిలో 1839లోనే రోగుల కట్లు విప్పించిన మంచి మనిషి ఈ కనోలీ. అతని వ్యాసాల్లో కాన్పు తర్వాత ఉన్మాదం వచ్చిన ఒకామెవి నాలుగు దశల బొమ్మలు ఉన్నాయి. నాలుగో దానిలో ఆమె టోపీ, శాలువాతో ఇంటికి బయల్దేరడానికి సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే ‘చేరినప్పుడు, కోలుకున్నాక’ జంట ఫొటోలకు ముత్తాత అదే.

“మొదటి బొమ్మ లేకపోతే నాలుగోదానికి విలువ లేదు. అందుకే మొదటిది ఎంత దీనంగా ఉంటే అంత మంచిదనిపిస్తుంది తీసేవాడికి,” అన్నారామె. “కోలుకున్న మనిషి పెళ్లి చేసుకుంటుంది, ఉద్యోగంలో చేరుతుంది. ఆ మొదటి ఫొటో మాత్రం పోదు.”

పారిస్‌లో ఇది ఇంకా దూరం వెళ్లింది. సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్తాన్ షార్కో అనే నరాల వైద్యుడి కింద 1876 నుంచి 1880 దాకా హిస్టీరియా రోగుల ఫొటోలు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలో అందరికీ గుర్తుండిపోయింది అగస్తీన్ అనే అమ్మాయి. 1875లో పద్నాలుగేళ్లకు ఆసుపత్రిలో చేరింది. ప్రార్థన, పారవశ్యం, బెదిరింపు అంటూ ఆమె భంగిమలకు పేర్లు పెట్టి అచ్చేశారు. 1880లో ఆమె మగవేషం వేసుకుని ఆసుపత్రి నుంచి పారిపోయింది. అన్ని ఫొటోల్లో కనిపించిన ముఖాన్ని దాచుకుంటే తప్ప ఆ పిల్లకు బయటపడే దారి లేకపోయింది.

ఇక్కడ ఫొటోగ్రాఫర్ మాటను హైదరాబాదుకు తిప్పారు. ఫొటోగ్రఫీని పరాయివాళ్ల పాపంగా మాట్లాడితే ఆయనకు నచ్చదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఈ ఊళ్లో తీసిన ముఖచిత్రాల్లో ఎవరి గౌరవం తగ్గిందో చెప్పమన్నారు. నర్సు నవ్వారు. ఆ ఉదాహరణ ఆమెకే పనికొచ్చింది. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడలు, లోపల అంతా ఆడవాళ్లే, కెమెరా పట్టింది కెనీ లెవిక్ అనే దొరసాని. పరదా పాటించే బేగంలు ఎవరి కంటా పడకుండా వచ్చి, నచ్చిన నగలు పెట్టుకుని, నచ్చినట్టు కూర్చుని ఫొటో తీయించుకున్నారు. ఫొటో ఎవరు చూడాలన్నది వాళ్ల ఇంటివాళ్ల చేతిలో ఉండేది. “ఆ గోడ బేగంలకు కట్టారు. వార్డులో ఉన్నవాళ్లకు ఎవరు కట్టారన్నా? మీరు నేరుగా లోపలికి వచ్చేశారు. సూపరింటెండెంట్ సరే అన్నాడు, సరిపోయింది. మంచం మీదున్న మనిషిని అడగాలని మాకూ తట్టలేదు.”

దీనికి ఆయన ఇచ్చిన జవాబు ఈ సంవాదం మొత్తంలో ఆయన పక్షాన అన్నిటికన్నా బలమైనది. “సరే, ముఖాలు దాచేద్దాం. అప్పుడేం మిగులుతుంది? కళ్ల మీద నల్ల పట్టీ వేస్తారు, లేదా మొహం మసకబారుస్తారు. పేపర్లో మొహాలు దాచేది ఎవరికి? నేరాల పేజీలో పట్టుబడ్డవాళ్లు ముసుగులేసుకుని నిలబడతారు. మానసిక జబ్బు వచ్చినవాడి మొహం కూడా అలాగే దాస్తే, ఇది సిగ్గుపడాల్సిన సంగతని మీరే చెప్పినట్టు. షుగరొచ్చినవాడి మొహం ఎవరైనా దాస్తారా?” పత్రికలు ముఖం లేకుండా వేసే ఇంకో రకం ఫొటో గురించీ చెప్పారు. డిప్రెషన్ మీద వ్యాసమంటే చాలు, చీకటి గదిలో రెండు చేతులతో తల పట్టుకున్న ఒక మనిషి. బ్రిటన్‌లో ‘టైమ్ టు చేంజ్’ ఉద్యమం 2015లో ఈ తల పట్టుకున్న బొమ్మలు మానేయమని పత్రికలను కోరి, బదులుగా మామూలు మనుషుల ఫొటోలు ఉచితంగా ఇచ్చింది. మన పత్రికల అనుబంధాల్లో ఆ బొమ్మ ఇంకా మామూలే.

తప్పిపోయినవాళ్ల సంగతి కూడా ఆయన వదల్లేదు. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఆటిజం ఉన్న ఒక బాలుణ్ణి, అస్సాంలోని ఒక పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉన్న ఫొటోతో పోల్చి 2020లో కనిపెట్టింది తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’ ముఖ గుర్తింపు సాధనం. అయిదేళ్ల తర్వాత ఆ బిడ్డ తల్లిదండ్రులను చేరాడంటే అది ఒక ఫొటో పుణ్యం.

ఆటిజం మానసిక జబ్బు కాదని నర్సు మొదట సరిదిద్దారు. ఆ తర్వాత అన్నారు: “ఆ ఫొటో పోలీసులు చూశారు, అమ్మానాన్నలు చూశారు. గోడకెక్కలేదు కదా. ముఖం దాచమని నేను అనడం లేదన్నా. ఏ గంటలో తీశారో అడుగుతున్నాను.”

ఇక్కడ ఆమె మాట్లాడింది పుస్తకాల సంగతి కాదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. తాగుడు అలవాటైనవాళ్లు పదుల సంఖ్యలో ఎర్రగడ్డ ఓపీకి వచ్చారు, అది వార్త అయింది. అంతకు ముందు 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడూ ఇదే. కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ ఉన్నట్టుండి ఆగిపోయి మనుషులు ఫిట్స్‌తో, భ్రమలతో ఆసుపత్రుల్లో పడ్డారు. ‘వింత ప్రవర్తన’ అన్నాయి శీర్షికలు.

“తాగుడు మానిన రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు గండం. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నట్టు కనిపిస్తాయి. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి, గుండెపోటు ఎంతో అదీ అంతే. సరిగ్గా ఆ గంటల్లో తీసిన మొహాన్ని ఇదిగో పిచ్చి అని చూపిస్తే ఎలా? వారం తిరిగేసరికి ఆ మనిషి గడ్డం గీసుకుని, భార్యతో మాట్లాడుతూ డిశ్చార్జి కాగితం కోసం నిలబడి ఉంటాడు. అప్పుడు కెమెరా రాదు.”

జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 18 ఏళ్లు దాటినవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే సాయంత్రం ఆరింటికి ఎస్.ఆర్. నగర్ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ పెద్దవాళ్లలో సగటున పదిమందికి ఒకరు. ఆ ప్లాట్‌ఫాంను ఫొటో తీస్తే ఆ ఒకరు ఎవరో ఏ లెన్సూ పట్టుకోలేదు. బ్యాగు తగిలించుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంటారు. జబ్బు ముఖం మీద రాసి ఉంటుందన్న డైమండ్ కాలపు నమ్మకం ఈ ఒక్క ప్లాట్‌ఫాం ముందే నిలవదు. కనిపించే కొద్దిమందిని ఎన్నుకుని పదే పదే చూపించడం వల్లే, కనిపించని అందరూ తమకు జబ్బు లేదనుకుంటారు, డాక్టరు దగ్గరకు పోరు. ‘నేనేం అలా లేనుగా’ అన్న మాట తన ఉద్యోగ జీవితంలో ఎక్కువగా విన్నదని నర్సు చెప్పారు. ఫొటోలవల్ల జరిగే నష్టాల్లో ఈ వ్యాసకర్తను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

మాటల్లో సినిమా కూడా వచ్చింది. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’లో సావిత్రి మానసిక వైద్యశాల నర్సు, చివరికి తానే రోగి అవుతుంది. తమ నర్సింగ్ స్కూల్లో ఆ సినిమా పేరు ఎత్తనివాళ్లు లేరన్నారామె. అందులో ఆఖరి దృశ్యం చూసి ఎవరూ భయపడరు, కుమిలిపోతారు. ఎందుకంటే అప్పటికి రెండు గంటలుగా ఆమె ఎవరో, ఏం పోగొట్టుకుందో చూస్తూనే ఉన్నారు. “మీ నెగటివ్‌లకు ఆ రెండు గంటలు లేవన్నా,” అన్నారు.

అది విన్నాక ఆయన డబ్బాలోంచి ఒక నెగటివ్ తీసి వేరుగా పెట్టారు. అందులో ఒక నడివయసు ఆమె. కెమెరా చూసి తానే వచ్చి, ఆగమని చెప్పి, నీళ్లతో జుట్టు తడుపుకుని దువ్వుకుని నిలబడిందట. మిగతా వాటితో పోలిస్తే బొమ్మగా ఇది సాదాగా ఉంది, పాస్‌పోర్ట్ ఫొటోలా సూటిగా ఉంది. అప్పట్లో ఏ పత్రికా దాన్ని వేసుకోలేదు. నర్సు మాత్రం దాన్నే ఎక్కువసేపు చూశారు. ప్రదర్శనలో పెడితే ఇలాంటివే పెట్టాలన్నారు, అదీ ఆమెనో ఆమెవాళ్లనో వెతికి అడిగాక. ఆమె దొరకదు కాబట్టి ఏ ఫొటోనూ పెట్టకూడదంటే చరిత్రే చెరిగిపోతుందని ఆయన వాదం. ఆ వార్డుల్లో ఏం జరిగిందో చెప్పే రుజువు ఇంకెక్కడుందని అడిగారు. గుండ్ల ఫొటోలు పెట్టి, ఆ గుండు ఎవరు ఎందుకు చేయించారో, ఆ చొంగ ఏ మందువల్లో కింద వివరంగా రాస్తే? దానికి ఆమె సగం ఒప్పుకున్నారు. ముఖం కనపడకుండా చేతులు, సంకెళ్ల కొక్కేలు, మంచాలు, కిటికీలు ఉన్నవి పెట్టుకోవచ్చన్నారు. అలాంటివి ఆ డబ్బాలో ఆరేడు ఉన్నాయి.

చివరికి కొత్త ఫొటోల దగ్గర ఆగారు. వైకల్య సర్టిఫికెట్ కోసం ఆయన స్టూడియోకి వచ్చేవాళ్లలో మానసిక సమస్య ఉన్నవాళ్లూ ఉంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ఇష్టపడ్డవాళ్లను సర్టిఫికెట్ ఫొటో అయ్యాక తమకు నచ్చిన బట్టల్లో, నచ్చిన చోట మరోటి తీసి, మొదటి ప్రింటు వాళ్లకే ఇచ్చి, అవే ప్రదర్శనలో పెడతానన్నారాయన. ఆమెకు నచ్చింది. ఒక షరతు పెట్టారు: అనుమతి రెండుసార్లు అడగాలి. తీసేటప్పుడు ఒకసారి, కొన్ని వారాలు గడిచి ప్రింటు చేతిలో పెట్టాక ఇంకోసారి. ఉద్రేకం ఎక్కువగా ఉన్న రోజుల్లో మనిషి దేనికైనా సరే అంటాడని, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కూడా చికిత్స నిర్ణయాలు తీసుకునే శక్తి గురించి చెప్తుందని గుర్తుచేశారు. ఆయన ఒప్పుకున్నారు. ఏడాది తర్వాత ఎవరైనా వచ్చి నా ఫొటో తీసేయండంటే తీసేయాలని ఆమె ఇంకో షరతు పెట్టారు. గోడ మీది ప్రింటు తీయగలను, అప్పటికి ఫోన్లలోకి వెళ్లిపోయినదాన్ని నేనెలా తీసేది అన్నారాయన. అయితే ప్రదర్శనలో ఫోన్లు అనుమతించొద్దు అన్నారామె. ఈ రోజుల్లో ఫోన్లు వద్దంటే ఎవరొస్తారని ఆయన, వచ్చిన పదిమందైనా తిన్నగా చూస్తారని ఆమె. దీని మీద వాళ్లు ఇంకా తేల్చుకోలేదు.